జొరం కుర్చీ

జొరం కుర్చీలోంచి లేచిన పిల్లలందరూ ఎడమచెయ్యి ఒకే తీరుగా ముడుచుకుని బయటికొస్తున్నారన్న సంగతి లింగమూర్తికి కాస్త ఆలస్యంగానే తెలిసొచ్చింది. మోచెయ్యి వంచి, ఆ వంపులో ఏదో బరువున్నట్టు ఒంటికి అదుముకుని నడిచేవాళ్లు. వరండాలో ఎండ తగలగానే ఒళ్లోకి చూసుకునేవాళ్లు. అక్కడేమీ ఉండదు. అప్పుడు వాళ్ల మొహాలు చూడలేం.

మొదట్లో ఆయన దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకునే తీరికెక్కడిది? ఆ యేడు దేశంలోకి ప్లేగు మళ్లీ వచ్చింది. పాత మందులకు లొంగని ప్లేగు. ఎవరో పగబట్టి సీసాల్లో పెంచి వదిలారని కొందరన్నారు. అడవి ఎలుకల్లో తనంతట తానే ముదిరిందని కొందరన్నారు. ఎక్కడ పుట్టిందో తేలేలోపు అది రేవుల్లో రైలెక్కి రాయలసీమ పొలిమేరల దాకా వచ్చేసింది. టీకా ఉంది. వేయించుకునే వాళ్లే కరువు.

లింగమూర్తి అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో రోగాల చరిత్ర చెబుతాడు. మశూచి పక్కుల పొడిని ఆరోగ్యవంతుల ముక్కుల్లోకి ఊదిన కాలం నుంచి మొదలుపెట్టేవాడు. ఆవు మశూచి సోకిన పాలమ్మాయిలకు అసలు మశూచి రాదని ఊళ్లలో జనం ముందే కనిపెట్టిన సంగతీ, ప్లేగు శవాలను కోటగోడల మీంచి లోపలికి విసిరారని చెప్పుకునే సైన్యాల సంగతీ చెప్పేవాడు. ఇదే ఊళ్లో నూట నలభై యేళ్ల కిందట ఎలుకలు రాలితే, జనం ఇళ్లకు తాళాలేసి బయలులో గుడిసెలు వేసుకున్న సంగతీ చెప్పేవాడు. బొంబాయి నుంచి ప్లేగు సూది వస్తే, ఆడవాళ్లకు పాలు ఇంకిపోతాయని పుకారు పుట్టి, సూదోళ్లను చూసి జనం పొలాలకడ్డం పడి పారిపోయారట.

పిల్లలు ఆవలించేవాళ్లు.

"ఇప్పుడు టీకా ఎంతమంది వేయించుకున్నారు?" అని అడిగితే నాలుగు చేతులు లేచేవి.

"పిల్లలు పుట్టరంట సార్" అని ఫోను చూపించేవాడు తిమ్మప్ప. వాడు వెనక బెంచీలో కూచునే మంచి తెలివిగలవాడు.

"పాలు ఇంకిపోతాయని వాళ్లన్నారు. పిల్లలు పుట్టరని మీరంటున్నారు. తేడా ఏముందిరా?"

"వాళ్లకు ఫోన్లు ల్యావు సార్" అనేవాడు. క్లాసంతా నవ్వేది. ఆయనా నవ్వేవాడుగానీ ఇంటికెళ్లాక అన్నం సహించేది కాదు.

అప్పుడొచ్చింది హసీనా. యూనివర్సిటీలో ఆయనతో చదువుకున్న మనిషి. ఆయన చరిత్ర వైపు వెళితే ఆవిడ నరాల శాస్త్రం వైపు వెళ్లింది. ఊరి బయట రైలుమార్గం వెడల్పు చేస్తుంటే ఆ ప్లేగు గుడిసెల బయలులో ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరీక్షించే పని హసీనాది. వచ్చేటప్పుడు ఒక వ్యానులో ఆ కుర్చీనీ తెచ్చుకుంది.

"పంటిలోపల సన్నటి గది ఒకటుంటుంది మూర్తీ" అంది, చిన్న గాజుపెట్టెలోని దవడపన్ను చూపిస్తూ. "మనిషి మట్టిలో కలిసిపోయినా ఆ గది తలుపు తెరుచుకోదు. ఆఖరి రోజుల నెత్తురు, నరాల పోగులు అందులోనే ఎండిపోయుంటాయి. ఒంటికి ఎంత జ్వరమొచ్చిందీ, ఎంత దాహమేసిందీ, ఏ కండ ఎప్పుడు బిగిసిందీ అన్నీ దాంట్లో జాడలు పడుంటాయి. ఆ జాడల్ని ఇంకో ఒంటికి వినిపించేదే ఈ కుర్చీ."

"క్రిమి?"

"ఉండదు. మాటలు రావు, మొహాలు కనబడవు. ఒళ్లు పడిన బాధ మటుకే వస్తుంది. అదీ చచ్చిపోయేదాకా కాదు. ఇక్కడ ఒక గీత పెట్టినా" అని తెరమీద ఒకచోట వేలుపెట్టింది. "ఇది దాటనివ్వను. దాటితే కూచున్న మనిషి గుండె ఆ పోయిన గుండె వెనకాలే పోతుంది."

"ముందు నేను కూచుంటా" అన్నాడు లింగమూర్తి.

"యాభై దాటినోళ్లు కూచోకూడదు. నేనూ కూచోలేదు."

ఆ మాట ఆయనకు అప్పట్లో గుచ్చుకోలేదు.

పిల్లలు ఎగబడి వచ్చారు. మొదట తమాషాకే వచ్చారు. తలకు పట్టీ, దవడకు రెండు బిళ్లలు, చేతులకూ కాళ్లకూ పల్చటి తొడుగులు. కుర్చీలో కూచున్నది పావుగంట కూడా ఉండదు. అంతలోనే మొహం ఎర్రబడి, నాలుక పిడచకట్టి, గజ్జల్లో బిళ్ల లేచినట్టు కాళ్లు ఎడంగా పెట్టేవాళ్లు. లేచాక చెంబెడు నీళ్లు తాగేవాళ్లు. ఆవలింతలు మాయమయ్యాయి. కుర్చీలో కూచున్నరోజు సాయంత్రమే తిమ్మప్ప వెళ్లి టీకా వేయించుకున్నాడు. వాడి వెనక హాస్టలు హాస్టలే కదిలింది. లింగమూర్తి కూతురు గిరిజ అదే కాలేజీలో రెండో సంవత్సరం. తనూ కూచుంది. ఆయన పక్కనే నిలబడి కూతురి నుదుటి చెమట తుడిచాడు. పాఠం ఇంత గట్టిగా పిల్లల మనసుకెక్కడం ముప్పై యేళ్లలో చూడలేదని సంబరపడ్డాడు.

పై అధికారులు వచ్చి చూసి వెళ్లారు. జిల్లాలో ప్రతి కాలేజీకీ ఒక కుర్చీ అన్నారు.

లింగమూర్తి భార్య మంజుల ఊరి ఆరోగ్యకేంద్రంలో నర్సు. బుధవారాలు పసిపిల్లలకు టీకాలు వేస్తుంది. ఒక బుధవారం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అంది.

"మీ పిల్లోళ్లు మా కాడికెందుకు వస్తాండారు?"

"టీకాకేమో."

"వాళ్లకెప్పుడో వేసినా. ఊరికే వచ్చి వరండాలో నిలబడతాండారు. తల్లుల ఒళ్లల్లో పిల్లోళ్ల మొహాలు చూస్తాండారు. ఒక్కొక్క మొహమూ చూసి, కాదన్నట్టు తలాడించి ఇంకోదాని కాడికి పోతాండారు. మగపిల్లోళ్లు కూడా. ఆ తిమ్మప్పను ఒక తల్లి కసిరికొట్టింది, నా బిడ్డనెందుకట్ల చూస్తావురా అని. వాడు గోడకానుకుని ఏడ్చినాడండీ."

లింగమూర్తికి అప్పుడే ఆ ఎడమచేతులు గుర్తుకొచ్చాయి.

"గిరిజ కూడా వచ్చింది" అంది మంజుల, గొంతు తగ్గించి. "నాలుగు వారాలుగా వస్తాండాది. మీకు చెప్పొద్దనింది. మీతో చెప్పలేని మాట ఒకటుండాది. దానికి పాలు చేపినట్టు రొమ్ములు సలుపుతాండాయంట. ఎవురి బిడ్డో ఏడిస్తే చాలంట, బజార్లోనైనా సరే, కాళ్లు అటే పోతాండాయంట."

 ఆ పన్ను ఒక ఆడమనిషిదని హసీనాకు తెలుసు, ఆయనకూ తెలుసు. పాలిచ్చే తల్లిదని ఇద్దరికీ తెలియదు. మగపిల్లలు సిగ్గుపడి చెప్పలేదు. ఆడపిల్లలు భయపడి చెప్పలేదు.

గిరిజ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆరేసిన బట్టనే మళ్లీ తీసి ఆరేస్తోంది.

"గిరిజా, ఏందమ్మా ఇది?"

"ఏం ల్యా నాయనా."

"అమ్మ చెప్పింది."

ఆ పిల్ల చేతిలోని తువ్వాలును చాలాసేపు పిండుతూ నిలబడింది. అందులో నీళ్లు లేవు.

"నాకు పిచ్చి పట్టలేదు నాయనా. ఆ బిడ్డ నాది కాదని తెలుసు. పోయి నూరేళ్లు దాటిందని కూడా తెలుసు. కానీ నా చేతిలో పెట్టినారు కదా. పాలకు ఏడుస్తాండాడు. ఆ ఏడుపు చెవిలో కాదు, దవడ ఎముకలో వినపడతాది. వాడు అట్ల ఏడుస్తాంటే మీరు పట్టీ తీసేసి లే లే అన్నారు. వాడినెవురు తీసుకున్నారు? నేను జారవిడిచినానా?"

లింగమూర్తి ఆ పిల్ల చేతిలోంచి తువ్వాలు తీసుకుని దండెం మీద వేశాడు.

మర్నాడు హసీనా మీద విరుచుకుపడ్డాడు. ఆవిడ కూడా అప్పటికి ఏదో పసిగట్టే ఉంది. తెరముందు కూచుని గోళ్లు కొరుక్కుంటోంది.

"నీ గీత సరిగ్గా ఎక్కడ పెట్టినావో తెలుసా?" అన్నాడు. "పిల్లోణ్ణి చేతిలో పెట్టి, పిల్లల్ని లేపేసినాం."

"గీత దాటితే చచ్చిపోతారు మూర్తీ. పిల్లల ప్రాణాలే చూసుకున్నా నేను."

"ఆ తర్వాత ఏముంది?"

"తెలీదు. జాడలుండాయి, బలంగానే ఉండాయి. కానీ తెరమీద చదివితే వంకరటింకర గీతలే కనపడతాయి, అర్థం ఒంటికే తెలుస్తుంది. ఎవరో ఒకరు కూచుంటే తప్ప తెలీదు. ఎవర్నీ కూచోబెట్టను."

"నేను కూచుంటా."

"నీకేమైనా..."

"మనం పోని చోటికి పిల్లల్ని పంపినాం హసీనా. నువ్వూ పోలేదు, నేనూ పోలేదు. పంపించినాక, దారెట్లుంటుందో చూసొచ్చే బాధ్యత ఎవరిది?"

ఆవిడ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడోనాడు కాలేజీ వరండాలో ఒక అమ్మాయి, ఉండచుట్టిన చున్నీని పసిబిడ్డలా భుజంమీద వేసుకుని జోకొడుతూ తిరగడం తన కళ్లతో చూసింది. ఆ మధ్యాహ్నం తనే వచ్చింది.

"ఆదివారం రా. కాలేజీ ఖాళీగా ఉంటుంది. మంజులను కూడా తీసుకురా. గుండెకు పనికొచ్చే మందులన్నీ తెమ్మను."

మంజుల ఏడ్వలేదు, వద్దనలేదు. "పోయిరాండి" అంది. "ఆ తల్లి బిడ్డ ఏమైందో చెప్పకపోతే నా బిడ్డ నాకు దక్కదు."

పట్టీ బిగించాక మొదట చలి పుట్టింది. వెన్నులో మొదలై పళ్లదాకా పాకింది. తర్వాత వేడి. నాలుక ఎండిన తోలుముక్కలా అంగిట్లో అంటుకుంది. గజ్జల్లో బిళ్ల, దాని చుట్టూ నిప్పు. ఇదంతా ఆయన క్లాసులో వందసార్లు చెప్పినదే. చెప్పినదానికీ దీనికీ సంబంధమే లేదు. ఆ తర్వాత రొమ్ముల్లో సలుపు మొదలైంది. యాభై దాటిన మగమనిషి, సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేకపోయింది. ఎడమచేతి వంపులో బరువొచ్చి పడింది. వెచ్చటి బరువు. కాళ్లు తంతోంది. ఏడుపు దవడలో మోగింది.

"గీత వచ్చింది" అంది హసీనా ఎక్కడో దూరంగా. "ఆపనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

గీత దాటగానే దగ్గొచ్చింది. ఇంతవరకూ పిల్లలెవరికీ రాని దగ్గు. రొమ్ము చీల్చుకుని వచ్చింది. నోట్లో ఇనుము నాకినట్టు నెత్తుటి రుచి. ఆ దగ్గుతోపాటే కుడిచెయ్యి లేచి నోటికడ్డం పడింది, చెంగుతోనో దేనితోనో గట్టిగా అదుముకుంది. మొహం పక్కకు తిరిగిపోయింది. మళ్లీ దగ్గు. మళ్లీ మొహం పక్కకు.

అప్పుడు ఎడమచెయ్యి వదులైంది.

లింగమూర్తి దాన్ని బిగించబోయాడు. తన చెయ్యి తన మాట వినలేదు. కుడి అరచెయ్యి నోటిమీంచి దిగి, చిన్న రొమ్ము మీద ఆనింది. గువ్వపిట్ట గుండెలాంటిది అరచేతి కింద కొట్టుకుంది. ఆ చెయ్యి తోసింది. బిడ్డ వేలు పట్టుకున్నాడు. గుప్పెటలోంచి వేలు లాక్కుంది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ లాక్కుంది. ఎవరివో చేతులు అటువైపు నుంచి అందుకున్నాయి. బరువు పోయింది.

ఏడుపు దూరమవుతోంది. పాలు ఉబికి రొమ్ములు తడిసిపోతున్నాయి. ఒళ్లంతా లేచి వెంటబడాలని ఒక్కసారి విల్లులా వంగింది. లేవలేదు. గొంతులోకి పిలుపొచ్చింది. పిలిస్తే తీసుకుపోతున్న మనిషి ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. పిలవకుండా ఉండటానికి ఆమె పళ్లు బిగబట్టింది. దవడలు విరిగిపోయేంతగా బిగబట్టింది. ఏడుపు ఇంక వినబడనంత దూరం పోయేదాకా ఆ పట్టు సడలలేదు.

దాని తర్వాత ఇంకేమీ లేదు. ఒకరకమైన విశ్రాంతి. లింగమూర్తి గుండె ఆ విశ్రాంతిలోకి జారిపోయింది.

కళ్లు తెరిచేసరికి నేలమీద ఉన్నాడు. మంజుల రెండు చేతులతో ఆయన రొమ్ము అదుముతోంది. ఆవిడ జుట్టు ఊడి మొహం మీద పడింది. హసీనా పట్టీ తీగలను కత్తిరించేసింది, కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

"వచ్చినారా?" అంది మంజుల.

"వచ్చినా" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు దాచకుండా చెప్పాడు, గుండెలో కొంత భాగం చచ్చిపోయిందని. ఇకమీదట మెట్లెక్కకూడదు, బరువులెత్తకూడదు. లింగమూర్తికి అదేమీ చెవికెక్కలేదు. గిరిజను పిలవమన్నాడు. ఆ పిల్ల వచ్చి మంచం పక్కన ఒదిగి కూచుంది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఆ అమ్మాయి ఒళ్లో పడుతోంది.

"నువ్వు జారవిడవలేదమ్మా" అన్నాడు. "ఆమే తోసేసింది."

గిరిజ ఉలిక్కిపడింది. "తోసేసిందా? కన్నబిడ్డనా?" మొహం కోపంతో ఎర్రబడింది. "పాలకు ఏడుస్తాంటే తోసేసిందా?"

ఆయన తొందరపడలేదు. దగ్గు గురించి చెప్పాడు. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి గురించి, పక్కకు తిప్పుకున్న మొహం గురించి, బిడ్డ పిడికిట్లోంచి రెండుసార్లు లాక్కున్న వేలి గురించి, బిగబట్టిన పళ్ల గురించి. మధ్య మధ్య ఆయాసం తీర్చుకుంటూ చెప్పాడు.

గిరిజ తన ఎడమచేతి వంపులోకి చూసుకుంది. తర్వాత తనంతట తానే అంది. "జబ్బు ఊపిరిలోకి దిగిందని ఆమెకు తెలిసిపోయింది. తన ఊపిరి తగలకూడదనుకునింది."

"అవును."

"ఎవురో తీసుకున్నారు కదా? నీకు బాగా తెలిసిందా నాయనా? చేతులేనా?"

"చేతులే. రెండు చేతులు. ఎవరో మహాతల్లి, గట్టిగా పట్టుకునింది."

"బతికినాడా?"

అబద్ధం చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది. "తెలీదమ్మా. పోయేటప్పుడు మాత్రం గొంతు బలంగా ఉండాది. గట్టిగా ఏడుస్తా పోయినాడు."

అప్పుడు గిరిజ ఏడ్చింది. అన్ని వారాల్లో మొదటిసారి. మంజుల వచ్చి పక్కన కూచుంటే, చిన్నప్పటిలా తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. అట్లాగే నిద్రపోయింది.

లింగమూర్తి మళ్లీ కాలేజీకి వెళ్లేసరికి, మెట్లెక్కే పని లేకుండా క్లాసును కిందికి మార్చారు. కుర్చీలో కూచున్న పిల్లలందరూ వచ్చారు, కూచోనివాళ్లు కూడా వచ్చారు. కూతురికి చెప్పినట్టే అందరికీ చెప్పాడు. బోర్డు మీద ఏమీ రాయలేదు. వెనక బెంచీలో తిమ్మప్ప మోకాళ్లమీద తల పెట్టుకున్నాడు.

"ఆ బొంబాయి సూది ఆమెకు అందలేదా సార్?" అని అడిగింది ఒక అమ్మాయి.

"ఊళ్లోకి వచ్చింది. ఆమె నెత్తుట్లో మాత్రం దాని గుర్తు లేదు. పారిపోయిందో, దాక్కుందో, ఎవరైనా వద్దన్నారో మనకు తెలీదు. పాలు ఇంకిపోతాయన్న మాట ఆమె చెవిన కూడా పడే ఉంటుంది. ఆ సూది వేయించుకున్న అందరూ బతికినారని నేను చెప్పను. బతికినోళ్లు ఎక్కువ."

ఎవరూ ఫోను చూపించలేదు. అంతమాత్రాన అందరూ లేచి టీకాకు పోలేదు. కొందరు పోయారు. కొందరు ఇంకా ఆలోచించుకుంటామన్నారు. ఆ మాటకు లింగమూర్తికి ఈసారి కోపం రాలేదు. రేపు మళ్లీ చెబుతానన్నాడు.

పై అధికారి మాత్రం ఊరుకోలేదు. హసీనాను పిలిపించి, ఈ పన్నుతో చిక్కయితే ఇంకో పన్ను వెతకమన్నాడు.

"బయలు నిండా ఉండాయి సార్" అంది హసీనా. "ఇవ్వను."

"మీ పరిశోధన ఆగిపోతుంది."

"ఆగనీండి."

ఆవిడ ఆ కుర్చీని స్వయంగా ఊడదీసింది. పన్నెండేళ్ల కష్టం. ఆ వారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. లింగమూర్తి ఓదార్చబోతే కసిరింది కూడా. "ఇది తప్పని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి ఉండదా?" అంది.

పన్నును తీసిన చోటే పెట్టేయాలని నలుగురూ బయలుకు వెళ్లారు. అటుపక్క రైలుపట్టాల పని జరుగుతూనే ఉంది, కంకర లారీలు దుమ్ము లేపుతున్నాయి. గిరిజ గునపంతో చిన్న గుంట తవ్వింది. తీరా పెట్టబోయేసరికి ఏ పద్ధతిన చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ఆమె ఏ కులమో, ఏ మతమో, పేరేమిటో తెలియదు. ప్లేగు రోజుల్లో అందర్నీ ఒకే గుంటలో వేశారు. హసీనా అరచేతులు చాచి తనకు తెలిసిన దువా చదివింది. మంజుల పసుపూ కుంకుమా వేసి దండం పెట్టింది.   లింగమూర్తి వంగి పిడికెడు మట్టి వేశాడు.

అంతలో మంజుల ఫోను మోగింది. ఆరోగ్యకేంద్రం నుంచి. టీకా సీసాలొచ్చాయట, పక్క తండా నుంచి ట్రాక్టరెక్కి జనం వచ్చి ఎండలో కూచున్నారట.

"నేను పోవాల" అంది మంజుల. "గిరిజా, పేర్లు రాసేదానికి మనిషి ల్యా. వస్తావా?"

గిరిజ గునపం తండ్రి కాళ్లదగ్గర పడేసి తల్లి వెనక పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

లింగమూర్తి, హసీనా నెమ్మదిగా బయల్దేరారు. గట్టు ఎక్కేచోట ఆయన ఊపిరందక రొమ్ము పట్టుకుని ఆగాడు. హసీనా కూడా ఆగింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"డాక్టరు కాడికి పోదామా?"

ఆయన తల తిప్పి, దూరంగా రోడ్డు మీద తల్లీకూతుళ్లిద్దరూ మాట్లాడుకుంటూ పోవడం చూశాడు.

"అది ఆ నొప్పి కాదులే" అన్నాడు, ముడుచుకుపోయిన ఎడమచెయ్యి వదులు చేస్తూ. "పద."